ఓరుగల్లులో లాగ్ సరిగ్గా ఉంటేనే సియోల్‌లో సర్వర్ ఆగుతుంది

2021 మార్చి మొదటి వారంలో తెలంగాణ ట్రాన్స్‌కో, జెన్‌కోలకు సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ నుంచి హెచ్చరిక వచ్చింది. చైనా ముఠాగా అనుమానిస్తున్నవాళ్ల కమాండ్ సర్వర్లు (దాడికి ఆదేశాలిచ్చే మెషీన్లు) రాష్ట్ర లోడ్ డిస్పాచ్ సెంటర్ (గ్రిడ్‌లో కరెంటు సరఫరాను నియంత్రించే కేంద్రం) సిస్టమ్‌లను అందుకోవాలని చూస్తున్నాయన్నది దాని సారాంశం. ఇంజనీర్లు అనుమానిత ఐపీలను (ఇంటర్నెట్‌లో మెషీన్ల చిరునామాలు) బ్లాక్ చేశారు, రిమోట్ ఆపరేషన్ చూసే అధికారుల పాస్‌వర్డ్‌లు మార్చేశారు. దానికి కొద్ది రోజుల ముందే, ఫిబ్రవరి 28న, రికార్డెడ్ ఫ్యూచర్ అనే అమెరికా కంపెనీ మన విద్యుత్ రంగంపై కన్నేసిన ముఠాకు రెడ్‌ఎకో అని పేరు పెట్టి నివేదిక విడుదల చేసింది. అంతకంటే ముందు ఫిబ్రవరి 12న కీలక సమాచార వ్యవస్థల రక్షణ చూసే కేంద్ర సంస్థ ఎన్‌సీఐఐపీసీ ఇదే ముప్పు గురించి మెయిల్ పంపింది. రెడ్‌ఎకో వాడిన షాడోప్యాడ్ అనే మాల్‌వేర్ (చొరబడే దొంగ ప్రోగ్రాం) గురించి సెర్ట్-ఇన్ 2020 నవంబర్ 19నే జాతీయ గ్రిడ్‌ను నడిపే పోసోకోను హెచ్చరించింది. ఆరోపణలను చైనా ఖండించింది.

అంతర్జాతీయ సహకారం అనగానే జెండాలు పెట్టుకున్న సమావేశాలే గుర్తొస్తాయి. పని జరిగేది మాత్రం ఇలా: ఎక్కడో ఒకరు చూసిన ఐపీ, ఎవరి ద్వారానో మన ఫైర్‌వాల్ (నెట్‌వర్క్‌కు కాపలా గేటు) దాకా రావాలి, మన ఫైర్‌వాల్ చూసిన ఐపీ అదే దారిలో వెనక్కి పోవాలి. ఈ గొలుసుకు ఇక్కడి కొస మీ చేతిలో ఉంది. డిస్కం సర్కిల్ ఆఫీసులో సిస్టమ్‌లు చూసేవాళ్లు, కార్పొరేషన్ నీటి సరఫరా స్కాడా (పంపులు, బ్రేకర్లను దూరం నుంచి నడిపే కంప్యూటర్ వ్యవస్థ) చూసేవాళ్లు, ఆస్పత్రి సర్వర్ రూం తాళంచెవి ఉన్నవాళ్లు, వీళ్లందరికీ సాఫ్ట్‌వేర్ వేసిపెట్టే హనుమకొండ, కరీంనగర్ చిన్న కంపెనీలు: ఈ గైడ్ మీ కోసమే.

2022 ఏప్రిల్‌లో రికార్డెడ్ ఫ్యూచర్ మరో నివేదిక ఇచ్చింది. ఈసారి లక్ష్యం లద్దాఖ్ సరిహద్దుకు దగ్గరున్న ఉత్తరాది రాష్ట్రాల లోడ్ డిస్పాచ్ సెంటర్లు. దాడికి మధ్యవర్తులుగా వాడినవి తైవాన్, దక్షిణ కొరియాల్లో ఎవరివో సీసీ కెమెరాలు, వాటి వీడియో దాచే డీవీఆర్‌లు. అంటే మీ లాగ్‌లో (జరిగినవాటిని మెషీన్ రాసుకునే చిట్టాలో) కొరియా ఐపీ కనపడితే దాడి చేసింది కొరియావాళ్లని కాదు. అక్కడ ఏ దుకాణంలోనో పాస్‌వర్డ్ మార్చని డీవీఆర్ ఉందని అర్థం. దాన్ని మీరు ఆపలేరు, సెర్ట్-ఇన్ కూడా నేరుగా ఆపలేదు. అక్కడ సెర్ట్-ఇన్ లాంటి సంస్థ అయిన కొరియా సెర్ట్ అక్కడి ఇంటర్నెట్ కంపెనీకి చెప్పాలి, వాళ్లు ఆ దుకాణదారుకు చెప్పాలి. హనుమకొండ చౌరస్తాలో ఒక షాపు డీవీఆర్‌తో ఇంకో దేశం మీద దాడి జరిగితే ఇదే ఉత్తరం మనవైపు తిరిగి వస్తుంది.

గడియారాలతో మొదలుపెట్టండి

విదేశీ బృందాలకు పోయే రిపోర్టులు ఎక్కువగా చెడేది సమయం దగ్గరే. ఒకే ఆఫీసులో ఫైర్‌వాల్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం, మనకంటే ఐదున్నర గంటలు వెనక) నడుస్తుంది, విండోస్ సర్వర్ మన టైములో నడుస్తుంది, చైనా తయారీ డీవీఆర్ డబ్బా తెరిచినప్పటి నుంచీ బీజింగ్ టైములోనే, అంటే మనకంటే రెండున్నర గంటలు ముందు, ఉండిపోతుంది. మూడింటి లాగ్‌లు పక్కపక్కన పెడితే దొంగ లోపలికి రాకముందే బయటికి పోయినట్టు కనిపిస్తుంది.

2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం అన్ని సిస్టమ్‌ల గడియారాలు ఎన్‌ఐసీ (కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ) లేదా నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ టైమ్ సర్వర్లతోనో, వాటితో కలిసి నడిచే సర్వర్లతోనో సరిచూసుకోవాలి. ప్రతి మెషీన్‌నూ బయటి సర్వర్‌కు కలపొద్దు. ఆఫీసులో ఒకటి లేదా రెండు టైమ్ సర్వర్లు పెట్టి, అవి ఎన్‌ఐసీని అడిగేలా, మిగతావన్నీ వాటిని అడిగేలా చేయండి. ఫైర్‌వాల్‌లో యూడీపీ 123 పోర్టు (టైము అడిగే దారి) ఆ రెండింటికే తెరవండి. కంట్రోల్ నెట్‌వర్క్ ఇంటర్నెట్‌కు దూరంగా ఉండాలి కాబట్టి అక్కడ జీపీఎస్ క్లాక్ పెట్టుకోవడమే మేలు; పెద్ద సబ్‌స్టేషన్లలో అది ఇప్పటికే ఉంటుంది.

రిపోర్టులో సమయం రాసేటప్పుడు యూటీసీతో తేడాను కూడా పక్కన రాయాలి. ఉదాహరణకు 2025-11-14 02:10:37 +05:30 అని. ఇది యూటీసీలో 2025-11-13 20:40:37. గంటే కాదు, తేదీ కూడా మారిందని చూడండి. "14వ తేదీ రాత్రి 2 గంటలకు" అని రాసి పంపితే అవతలి దేశంలో ఇంజనీర్ తప్పు రోజు లాగ్ తీస్తాడు, ఏమీ దొరకలేదని జవాబిచ్చేస్తాడు. అక్కడితో ఆ దారి మూసుకున్నట్టే.

లాగ్‌లు: ఎన్ని, ఎన్నాళ్లు, ఏవేవి

ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు దాచాలి. అది కనీసం. ప్రభుత్వాల అండతో వచ్చేవాళ్లు తొందరపడరు. అమెరికాలో మసాచుసెట్స్‌లోని లిటిల్‌టన్ అనే చిన్న ఊరి కరెంటు, నీటి సంస్థలో వోల్ట్ టైఫూన్ ముఠా 300 రోజులకు పైగా ఉందని డ్రాగోస్ కంపెనీ తేల్చింది. అది చిన్న సంస్థే. మనల్ని ఎవడు పట్టించుకుంటాడులే అనుకునేవాళ్లకు ఈ ఒక్క ఉదాహరణ చాలు. కాబట్టి ఫైర్‌వాల్, వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చే రహస్య దారి), డీఎన్ఎస్ (సైట్ పేరుకు ఐపీ చెప్పే వ్యవస్థ) లాగ్‌లు 400 రోజులు పెట్టుకోండి.

ఖర్చుకు భయపడేవాళ్ల కోసం లెక్క: సెకనుకు 50 లాగ్ లైన్లు, ఒక్కోటి 500 బైట్లు అనుకుంటే రోజుకు 2.16 జీబీ. 180 రోజులకు 389 జీబీ, 400 రోజులకు 864 జీబీ. లాగ్ అంటే ఒట్టి అక్షరాలే కాబట్టి జిప్ చేస్తే సుమారు పదో వంతుకు దిగుతుంది. రెండు 1 టీబీ డిస్కులు, ఒకటి సర్వర్‌లో, ఇంకోటి బీరువాలో, సరిపోతాయి. డబ్బు లేక ఆగే పని కాదిది, ఎవరూ మొదలుపెట్టక ఆగే పని.

విండోస్ సర్వర్లలో సెక్యూరిటీ లాగ్ మామూలుగా 20 ఎంబీ దగ్గరే ఆగి, పాతది చెరిగిపోతూ ఉంటుంది. రద్దీ ఉన్న సర్వర్‌లో అది కొన్ని గంటలకు కూడా చాలదు. దాన్ని కనీసం 1 జీబీ చేసి, లాగ్‌లు వేరే మెషీన్‌కు ఎప్పటికప్పుడు పోయేలా పెట్టండి. చొరబడినవాడు మొదట చెరిపేది అదే మెషీన్‌లోని లాగ్‌ను. లాగ్ చెరిపితే 1102 నంబర్ ఈవెంట్ పడుతుంది. అది కనిపిస్తే ఇంకేం ఆలోచించకుండా సంఘటనగా లెక్కేయండి. 4624, 4625 లాగిన్‌లకు, 7045 కొత్త సర్వీసుకు, 4104 పవర్‌షెల్‌కు. ఏ ప్రోగ్రాం నడిచిందో చెప్పే 4688 మనం ఆన్ చేస్తే తప్ప పడదు, ఆన్ చేయండి.

ఎక్కువమంది వదిలేసేది సోర్స్ పోర్టు, అంటే కనెక్షన్ మొదలుపెట్టిన మెషీన్ వైపు పోర్టు నంబర్. చాలా దేశాల్లో ఒకే పబ్లిక్ ఐపీ వెనక వందలమంది కస్టమర్లుంటారు, మన మొబైల్ నెట్‌వర్క్‌లలో ఉన్నట్టే. ఐపీ, సమయం మాత్రమే ఇస్తే అక్కడి కంపెనీ వందమందిలో ఎవరో చెప్పలేదు. ఐపీ, సోర్స్ పోర్టు, సెకన్లతో సహా సమయం మూడూ ఇస్తే చెప్పగలదు. ఫైర్‌వాల్ సెట్టింగుల్లో ఈ కాలమ్ పడుతోందా లేదా ఈరోజే చూడండి. మన వైపు నాట్ లాగ్ (లోపలి ఏ పీసీ ఏ పబ్లిక్ ఐపీ, పోర్టుతో బయటికి పోయిందో చెప్పేది) కూడా ఇంతే ముఖ్యం. జపాన్ నుంచి ఫిర్యాదొస్తే ఆఫీసులోని 80 పీసీల్లో అది ఏదో చెప్పేది ఆ లాగే.

మొదటి గంట

అనుమానం వచ్చిన వెంటనే చాలామంది చేసేది రీస్టార్ట్. చేయకండి. ఇలాంటి మాల్‌వేర్ చాలాసార్లు మెమరీలోనే ఉంటుంది, పవర్ తీస్తే సాక్ష్యం ఆవిరి. నెట్‌వర్క్ కేబుల్ పీకండి, మెషీన్ ఆన్‌లోనే ఉంచండి. అది స్కాడా హెచ్‌ఎంఐ (ఆపరేటర్ చూసే తెర ఉన్న మెషీన్) అయితే కేబుల్ పీకేముందు షిఫ్ట్ ఇంజనీర్‌కు చెప్పి, ఫీల్డ్‌లో మాన్యువల్‌కు మారామని నిర్ధారించుకున్నాకే.

ఒక రిజిస్టర్ తెరవండి. లైన్ క్లియర్ (పని కోసం లైన్‌లో కరెంటు ఆపించే అనుమతి) తీసుకునేటప్పుడు ఫీడర్ పేరు, ఇచ్చినవాళ్లు, తీసుకున్నవాళ్లు, టైము రాస్తారు కదా, అచ్చం అలాగే: ఏ మెషీన్, ఎవరు ముట్టుకున్నారు, ఏం చేశారు, ఎన్ని గంటలకు. పెన్నుతో, కొట్టివేతలు కనిపించేలా. తరువాత కోర్టులోనైనా, ఇంకో దేశపు నిపుణుడి ముందైనా "ఈ ఫైల్ మీరే సృష్టించలేదని ఏంటి నమ్మకం" అన్న ప్రశ్నకు జవాబు ఈ పుస్తకమే.

తరువాత మెమరీ కాపీ. విన్‌పీమెమ్, డంప్‌ఇట్, ఎఫ్‌టీకే ఇమేజర్ లాంటి టూల్ ముందుగానే ఒక పెన్‌డ్రైవ్‌లో సిద్ధంగా ఉండాలి. దాడి జరిగిన మెషీన్‌లో డౌన్‌లోడ్ చేయడానికి కూర్చోవద్దు. 16 జీబీ ర్యామ్ ఉంటే ఫైల్ కూడా 16 జీబీ వస్తుంది. ఆ డ్రైవ్ ఎఫ్‌ఏటీ32లో ఫార్మాట్ అయి ఉంటే 4 జీబీ దగ్గర కాపీ ఆగిపోతుంది. ఎక్స్‌ఫ్యాట్ లేదా ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఫార్మాట్ చేసిన 128 జీబీ డ్రైవ్ ఒకటి కవర్లో పెట్టి, పైన పేరు రాసి, బీరువాలో పెట్టండి.

మెమరీ అయ్యాక డిస్క్ ఇమేజ్. రెండింటికీ వెంటనే ఎస్‌హెచ్ఏ-256 హ్యాష్ (ఫైల్‌కు వేలిముద్ర లాంటి విలువ) తీసి రిజిస్టర్‌లో చేత్తో రాయండి, పక్కన ఇంకొకరు సంతకం పెట్టాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్‌లో హ్యాష్ విలువ రాయాల్సిన గడి ఉంది. దానికి ఎ, బి అని రెండు భాగాలు. మొదటిది మెషీన్ బాధ్యులది, రెండోది నిపుణుడిది. పాత సాక్ష్య చట్టపు 65బి ఫార్మాట్ ఇంకా చాలా ఆఫీసుల కంప్యూటర్లలో తిరుగుతోంది, దాన్ని తీసేయండి.

రెండు నిషేధాలు. అనుమానిత ఫైల్‌ను వైరస్‌టోటల్ అనే ఆన్‌లైన్ తనిఖీ సైట్‌లో అప్‌లోడ్ చేయొద్దు. అక్కడ పడ్డ ఫైల్‌ను డబ్బు కట్టిన ఎవరైనా దించుకోవచ్చు, దాడి చేసినవాళ్లూ అక్కడే కాపు కాస్తుంటారు. తమ ఫైల్ బయటపడిందని తెలిస్తే ఒక్క గంటలో సర్వర్లు మార్చేస్తారు. హ్యాష్ మాత్రం వెతకండి. రెండోది, ఆ ఐపీకి పింగ్ కొట్టడం, బ్రౌజర్‌లో తెరవడం, "మనమూ ఒక దెబ్బ వేద్దాం" అనుకోవడం. అవతల ఉన్నది ఎవరిదో అమాయకుల మెషీన్. దానిలోకి చొరబడితే మన ఐటీ చట్టంలోనే మీరు నేరస్తులవుతారు.

ఆరు గంటల రిపోర్టు

సంఘటన గమనించిన ఆరు గంటల్లోపు సెర్ట్-ఇన్‌కు చెప్పాలి. టోల్‌ఫ్రీ 1800-11-4949, మెయిల్ చిరునామా, ఫారం, ఎన్‌క్రిప్షన్‌కు పీజీపీ (మెయిల్‌కు తాళం వేసే, పంపినవాళ్ల సంతకం సరిచూసే పద్ధతి) కీ వాళ్ల సైట్‌లో ఉన్నాయి. అన్నీ తేలేదాకా ఆగడం పెద్ద తప్పు. ఆ ఆరు గంటల్లో తెలిసినంత పంపి, మిగతాది తరువాత పంపొచ్చు. ఇక్కడి ఆఫీసుల్లో ఆలస్యం టెక్నికల్ పనిలో జరగదు, ఫైల్ ఏఈ నుంచి ఏడీఈకి, అక్కడి నుంచి డీఈకి, ఎస్ఈకి, కార్పొరేట్ ఆఫీసుకు పోయే దారిలో జరుగుతుంది. మొదటి రిపోర్టు పంపే అధికారం ఒక నోడల్ ఆఫీసర్‌కు, ఆయన సెలవులో ఉంటే ఇంకొకరికి, పేర్లతో సహా ముందే ఆర్డర్ తీసి పెట్టుకోండి.

కరెంటు సంస్థలకు దీనితోపాటు రంగపు సెర్ట్‌లు కూడా ఉన్నాయి: పంపిణీకి సెర్ట్-డిస్ట్రిబ్యూషన్, రామగుండం, చెల్పూరు లాంటి థర్మల్ కేంద్రాలకు సెర్ట్-థర్మల్. కీలక సమాచార వ్యవస్థగా ప్రకటించినవైతే ఎన్‌సీఐఐపీసీకి కూడా. ఒకే రిపోర్టు, ముగ్గురికీ ఒకేసారి. ఒకరికి చెప్పాం కదా, మిగతావాళ్లకు వాళ్లే చెప్తారనుకోవద్దు.

రిపోర్టు మధ్య భాగం ఇలా ఉండాలి. ఐపీ ఉదాహరణల కోసం కేటాయించినది:

"2025-11-13 20:40:37 యూటీసీ నుంచి 2025-11-14 03:10:12 యూటీసీ వరకు మా బిల్లింగ్ విభాగం పీసీ (లోపలి పేరు బిల్-07), సోర్స్ పోర్టులు 51544 నుంచి 51602 మధ్య, 203.0.113[.]45 పోర్టు 443కు 10 నిమిషాలకోసారి కనెక్ట్ అయింది. ప్రతిసారి సుమారు 1.2 కేబీ బయటికి పోయింది. ఫైల్ ఎస్‌హెచ్ఏ-256 జతచేశాం. కంట్రోల్ నెట్‌వర్క్‌లో ఈ ఐపీకి కనెక్షన్ గత 180 రోజుల్లో లేదు. కోరేది: ఆ ఐపీ ఉన్న దేశపు సెర్ట్‌కు తెలియజేయడం, సర్వర్ ఇమేజ్ భద్రపరచమని అడగడం."

ఐపీలో చివరి చుక్కను బ్రాకెట్లో పెట్టడం గమనించారా? ఎవరూ పొరపాటున నొక్కకుండా. చివరి వాక్యం అన్నిటికంటే ముఖ్యం. ఏం కావాలో రాయని రిపోర్టును చదివినవాళ్లు ఫైల్ చేసి పక్కన పెడతారు. "తగు చర్యలు తీసుకోగలరు" అని రాస్తే దానికి ఇంకో దేశంలో అర్థం లేదు.

వినియోగదారుల సర్వీస్ నంబర్లు, ఆధార్, రోగుల పేర్లు, ఉద్యోగుల ఫోన్లు జతపరిచే లాగ్‌లలో ఉంటే తీసేయండి. అసలు కాపీ మీ బీరువాలోనే ఉంటుంది, బయటికి పోయేది శుభ్రం చేసిన కాపీ. రెండింటి హ్యాష్‌లూ వేరని రిజిస్టర్‌లో రాయండి.

రంగు వేయకపోతే కాగితం కదలదు

దేశాల మధ్య సెర్ట్‌లు మాట్లాడుకునే పద్ధతిలో ప్రతి పత్రం మీదా, దాన్ని ఎవరికి చూపొచ్చో చెప్పే టీఎల్‌పీ (ట్రాఫిక్ లైట్ ప్రోటోకాల్) రంగు ఉంటుంది. ఫస్ట్ అనే అంతర్జాతీయ వేదిక 2022 ఆగస్టులో దీని రెండో వెర్షన్ ఇచ్చింది. రెడ్ అంటే ఆ సమావేశంలో లేదా ఆ మెయిల్‌లో ఉన్న మనుషులకే. ఆంబర్ ప్లస్ స్ట్రిక్ట్ అంటే మీ సంస్థ లోపలే. ఆంబర్ అంటే మీ సంస్థ, అవసరం మేరకు మీ క్లయింట్లు. గ్రీన్ అంటే ఈ రంగంలో పనిచేసే సమూహం, బహిరంగంగా కాదు. క్లియర్ అంటే ఎవరికైనా.

రంగు వేయని పత్రాన్ని ఎవరికి చూపొచ్చో అవతలివాళ్లకు తెలియదు, భయపడి ఎవరికీ చూపరు. అన్నిటికీ రెడ్ వేస్తే మీ ఐపీ ఏ దేశానికీ చేరదు. మా సలహా: ఐపీలు, డొమైన్లు, హ్యాష్‌ల జాబితా గ్రీన్, ఏ ఆఫీసు, ఏ మెషీన్ అన్న వివరం ఆంబర్ ప్లస్ స్ట్రిక్ట్. రెండూ వేర్వేరు ఫైళ్లుగా పంపండి. సెర్ట్-ఇన్ ఫస్ట్‌లోనూ, ఆసియా-పసిఫిక్ సెర్ట్‌ల కూటమి ఏపీసెర్ట్‌లోనూ సభ్యురాలు, కాబట్టి గ్రీన్ ఫైల్ అదే రోజు కొరియాకో జపాన్‌కో పోగలదు.

బయటి నుంచి వచ్చిన ఆంబర్ పత్రాన్ని ఫొటో తీసి ఆఫీసు వాట్సాప్ గ్రూపులో వేసేవాళ్లు ఉంటారు. ఒక్కసారి లీకైతే ఆ తరువాత మనకు వచ్చేవి ఆలస్యంగా, సగం విషయంతో వస్తాయి. సహకారం ఇలాగే చచ్చిపోతుంది, ఒప్పందాల్లో లోపాలవల్ల కాదు.

మూడు దారులు, మూడు వేగాలు

సెర్ట్ నుంచి సెర్ట్‌కు పోయే దారి వేగమైనది, గంటలు లేదా రోజులు. కానీ దానికి చట్టబలం లేదు. అవతలివాళ్లు మంచితనంతో సర్వర్ ఆపిస్తారు, మెషీన్‌ను శుభ్రం చేయిస్తారు. ఎవరు అద్దెకు తీసుకున్నారో మాత్రం చెప్పరు. మంట ఆర్పడానికి ఈ దారి.

పోలీసు దారిలో ఎఫ్ఐఆర్ కావాలి. 1930 నంబర్ డబ్బు మోసాలకు. దీనికి అది కాదు. కమిషనరేట్ సైబర్ క్రైమ్ ఠాణాకు లేదా తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరోకు వెళ్లాలి. ఐటీ చట్టం కేసును ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గని అధికారే దర్యాప్తు చేయాలి. అక్కడి నుంచి సీబీఐ ద్వారా 24/7 సంప్రదింపుల నెట్‌వర్క్‌లో అవతలి దేశానికి "డేటా చెరపకండి" అన్న విన్నపం పోతుంది. అమెరికా చట్టంలో అలా భద్రపరిచే గడువు 90 రోజులు, ఇంకో 90 పొడిగించవచ్చు. అసలు డేటా రావాలంటే కేంద్ర హోంశాఖ ద్వారా పరస్పర న్యాయ సహాయ ఒప్పందం కింద, లేదా బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 112 కింద కోర్టు లేఖ కావాలి. దానికి నెలలు పడుతుంది. సైబర్ నేరాలపై బుడాపెస్ట్ అంతర్జాతీయ ఒప్పందంలో భారత్ లేదు; ఐక్యరాజ్యసమితి సైబర్ నేరాల ఒప్పందాన్ని 2024 డిసెంబర్‌లో ఆమోదించారు, 2025 అక్టోబర్‌లో హనోయ్‌లో సంతకాలకు పెట్టారు, 40 దేశాలు ధ్రువీకరించాకే అమల్లోకి వస్తుంది. కాబట్టి భద్రపరచమనే విన్నపం ఎంత త్వరగా పోతే అంత మంచిది. ఎఫ్ఐఆర్ వారం ఆలస్యమైతే అద్దె సర్వర్ ఖాళీ అయిపోతుంది.

మూడోది దౌత్య దారి. అది మీ పని కాదు, కానీ మీ కాగితం అక్కడిదాకా పోవచ్చు. 2015లో ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం 11 నియమాలు చెప్పింది: ఇతర దేశాల కీలక వ్యవస్థలను దెబ్బతీయొద్దు, తెలిసీ తమ గడ్డను వాడుకోనివ్వొద్దు, సహాయం కోరితే స్పందించాలి, ఎదుటివాళ్ల సెర్ట్‌ల మీద దాడి చేయొద్దు వగైరా. కోరలు లేని నియమాలే. అయినా వాటి ఆధారంగా అడగొచ్చు; 2024 మే నుంచి దేశాల సంప్రదింపు అధికారుల జాబితా కూడా నడుస్తోంది. అడిగేటప్పుడు చేతిలో ఉండాల్సింది మీ రిజిస్టర్, మీ హ్యాష్.

దేశం పేరు మీరు రాయకండి

రిపోర్టులో "చైనా హ్యాకర్లు" అని రాయాలనిపిస్తుంది. వద్దు. 2018లో ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్ ప్రారంభం రోజున నెట్‌వర్క్‌లను పడగొట్టిన మాల్‌వేర్‌లో ఉత్తర కొరియా ముఠా ఆనవాళ్లు కావాలనే పెట్టారు. తరువాత 2020 అక్టోబర్‌లో అమెరికా దానికి రష్యా సైనిక నిఘా అధికారుల మీద నేరారోపణ చేసింది. ఐపీ, కోడ్‌లో భాష, పని గంటలు ఇవన్నీ అబద్ధం చెప్పగలవు. మీరు చూసినది రాయండి, ఎవరన్నది ఢిల్లీ చూసుకుంటుంది. తొందరపడి పేరు పత్రికకెక్కితే, మీకు సమాచారమిచ్చిన విదేశీ బృందం కూడా ఇరుకున పడుతుంది.

హెచ్చరిక మనకు వచ్చినప్పుడు

మొదట అది నిజమో కాదో చూడండి. సెర్ట్-ఇన్ పేరుతో దొంగ మెయిళ్లు కూడా వస్తాయి. పీజీపీ సంతకం సరిచూడండి. ఫోన్ వస్తే పెట్టేసి, సైట్‌లో ఉన్న నంబర్‌కు మీరే తిరిగి చేయండి. పాస్‌వర్డ్, రిమోట్ యాక్సెస్ అడిగితే అది సెర్ట్-ఇన్ కాదు.

నిజమైతే బ్లాక్ చేసే ముందు పాత లాగ్‌లలో వెతకండి. క్రమం ఇది: ఐపీలు, డొమైన్లు ఫైర్‌వాల్, డీఎన్ఎస్ లాగ్‌లలో ఉన్న మొత్తం కాలానికి వెతకాలి, హ్యాష్‌లు ఎండ్‌పాయింట్‌లలో (పీసీలు, సర్వర్లలో) వెతకాలి, దొరికితే మెమరీ కాపీ తీసి ఆ తరువాతే బ్లాక్. ముందే బ్లాక్ చేస్తే లోపలున్నవాడు జాగ్రత్తపడి ఇంకో తలుపు వాడతాడు. ఏమీ దొరక్కపోతే వెంటనే బ్లాక్, ఆ నియమం మీద లాగింగ్ ఆన్. ఐపీలు నెలల్లో చేతులు మారతాయి, ఒక్కోసారి ఒకే ఐపీ మీద వందల సైట్లుంటాయి. 90 రోజులకోసారి జాబితా తిరగేయండి, లేకపోతే ఏ బ్యాంకు సైటో తెరుచుకోక అకౌంట్స్ విభాగం మీ మీదికొస్తుంది.

చివరికి ఏమీ దొరకలేదన్నా కూడా సెర్ట్-ఇన్‌కు జవాబు పంపండి. "వెతికాం, 400 రోజుల్లో లేదు" అన్న ఒక్క లైను కూడా అవతలి దేశానికి పనికొస్తుంది.

నీళ్లు, పంపులు, బ్రేకర్లు

2023 నవంబర్‌లో అమెరికాలోని అలిక్విప్పా అనే చిన్న ఊరి నీటి బూస్టర్ స్టేషన్‌లో పీఎల్‌సీ (పంపుల్లాంటి యంత్రాలను నడిపే చిన్న కంప్యూటర్) తెర మీద దాడి చేసినవాళ్ల బొమ్మ ప్రత్యక్షమైంది. ఇరాన్ రివల్యూషనరీ గార్డ్స్‌తో సంబంధమున్న ముఠా అది. యూనిట్రానిక్స్ పీఎల్‌సీ, ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచిన 20256 పోర్టు, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ 1111. కొద్ది రోజుల్లోనే అమెరికా సంస్థలు, ఇజ్రాయెల్ సైబర్ డైరెక్టరేట్ కలిసి హెచ్చరిక జారీ చేశాయి. వడ్డేపల్లి, ధర్మసాగర్ లాంటి ఫిల్టర్ బెడ్‌ల దగ్గర, పంప్ హౌస్‌లలో చేయాల్సింది ఆ హెచ్చరికలోనే ఉంది: పాస్‌వర్డ్ మార్చడం, పీఎల్‌సీని ఇంటర్నెట్ నుంచి తీయడం, ల్యాడర్ లాజిక్ (పీఎల్‌సీలో నడిచే ప్రోగ్రాం) బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లో పెట్టడం. తాళం స్విచ్ ఉన్న పీఎల్‌సీ అయితే రన్‌లో పెట్టి తాళంచెవి తీసేయండి. సర్వీస్ ఇంజనీర్ వచ్చి తన సౌకర్యం కోసం పెట్టిపోయిన 4జీ రూటర్ ప్యానెల్ వెనక ఉందేమో తలుపు తీసి కళ్లతో చూడండి. డ్రాయింగ్‌లో అది ఉండదు.

2019లో కూడంకుళం అణువిద్యుత్ కేంద్రంలో దొరికిన మాల్‌వేర్ కంట్రోల్ నెట్‌వర్క్‌లో కాదు, ఇంటర్నెట్‌కు కలిపిన పరిపాలనా పీసీలో ఉందని దాన్ని నడిపే ఎన్‌పీసీఐఎల్ చెప్పింది. రెండు నెట్‌వర్క్‌లు వేరుగా ఉండటమే అక్కడ కాపాడింది. బిల్లింగ్ పీసీకీ స్కాడాకూ మధ్య "రిపోర్టు కోసం" వేసిన ఒక్క కేబుల్ ఈ రక్షణను సున్నా చేస్తుంది.

2015 డిసెంబర్ 23న ఉక్రెయిన్‌లో మూడు పంపిణీ సంస్థల బ్రేకర్లను దూరం నుంచి తెరిచి దాదాపు 2,25,000 కనెక్షన్లకు కరెంటు తీసేశారు. కొన్ని గంటల్లోనే తిరిగి వచ్చిందంటే కారణం, మనుషులు సబ్‌స్టేషన్లకు పోయి చేత్తో బ్రేకర్లు మూయడం. మన 33/11 కేవీ సబ్‌స్టేషన్లలో చాలాచోట్ల ఇప్పటికీ షిఫ్ట్ ఆపరేటర్ ఉంటారు. దీన్ని వెనకబాటుగా చూసేవాళ్లున్నారు. దాడి రోజున అదే మన బలం. ఆటోమేషన్ వచ్చాక కూడా సబ్‌స్టేషన్లలో పనిచేసే ఆర్టిజన్లకు లోకల్ ఆపరేషన్ సాధన తప్పనీయకండి. ఆ దాడిలో కాల్ సెంటర్‌ను కూడా దొంగ ఫోన్లతో ముంచేశారు. కరెంటు ఫిర్యాదుల నంబర్ 1912 మోగుతూనే ఉన్నప్పుడు సబ్‌స్టేషన్‌కూ కంట్రోల్ రూంకూ వేరే ఫోన్ దారి, వైర్‌లెస్ సెట్ అయినా సరే, ఉండాలి.

సాధన

ఏడాదికి రెండుసార్లు, ఒక పూట చాలు. ఒకరు ఉదయం పదింటికి "కొరియా సెర్ట్ నుంచి ఉత్తరం వచ్చింది, మీ పబ్లిక్ ఐపీ, ఈ పోర్టు, ఈ యూటీసీ సమయం" అని చీటీ ఇవ్వాలి. ఆ చీటీ నుంచి లోపలి పీసీని పట్టుకోవడానికి ఎంతసేపు పట్టిందో రాసుకోండి. గంట దాటితే నాట్ లాగ్‌లోనో గడియారంలోనో లోపముంది. తరువాత అదే బృందం గ్రీన్ ఫైల్ ఒకటి, ఆంబర్ ప్లస్ స్ట్రిక్ట్ ఫైల్ ఒకటి తయారుచేసి, పీజీపీతో తాళం వేసి, నోడల్ ఆఫీసర్ సంతకం దాకా తీసుకుపోవాలి. చాలాచోట్ల పీజీపీ దగ్గరే ఆగుతారు: కీ చేసినవాళ్లు బదిలీ అయి ఉంటారు, పాస్‌ఫ్రేజ్ వాళ్లతోనే మంచిర్యాలకో ఆదిలాబాద్‌కో పోయి ఉంటుంది. కీ సంస్థ పేరు మీద చేసి, పాస్‌ఫ్రేజ్‌ను సీల్ చేసిన కవర్లో ఇద్దరి సంతకాలతో బీరువాలో పెట్టండి. బదిలీ ఉత్తర్వు వచ్చిన రోజే కవర్ మార్చాలి.